మాంస కర్మాగారములలో శక్తి పొదుపు – రైతునకు దానివలన లాభమేమి?

కూర్చుండి తిన్నచో కొండలైనను తఱుగునని పెద్దలు చెప్పిన మాట సంసారములకే గాక కర్మాగారములకును వర్తించును. బాయిలరులో మండు ప్రతి కిలో నూనెకును, కంప్రెసరు త్రిప్పు ప్రతి యూనిట్టు విద్యుత్తునకును ఎవరో యొకరు సొమ్ము చెల్లింపవలసియే యుండును. ఆ చెల్లించువారెవరని విచారించినచో, సంతలో గొఱ్ఱెను, ముదుసలి దున్నను అమ్ముకొను రైతే యని తేలును. ఏలయన, మాంసము ధర దూరదేశపు బజారులో నిర్ణయమగును. కర్మాగారపు వ్యయము దానిలోనుండి తీసివేయబడును. మిగిలినది మాత్రమే పశువు వెలగా మన చేతికి వచ్చును. కావున కర్మాగారములో దుబారా పెరిగినకొలది సంతలో మన బేరము తఱుగును.

ఇది మొదటి కారణము. రెండవది మనకింకను దగ్గరిది. కర్మాగారపు పొగయు, మురుగునీరును పోవుటకు మన పొలములు, వాగులు తప్ప వేఱు చోటు లేదు. మూడవది, గొఱ్ఱెల పెంపకపు సహకార సంఘములు అనేకములు తామే చిన్న వధశాలను, శీతలగిడ్డంగిని కట్టుకొని దళారుల బెడద తప్పించుకొనవలెనని యోచించుచున్నవి. ఆ కోరిక మెచ్చదగినదే. కాని కరెంటు బిల్లును, ఇంధనపు ఖర్చును ముందుగా లెక్కవేయక కట్టిన గిడ్డంగి సంఘమునకు ఆస్తి కాదు, అప్పు. ఈ మూడు కారణములచేత ఈ విషయము మన పత్రికలో చర్చింపదగినదని తలంచుచున్నాము. మాంసాహారము మంచిదా, కాదా యను వాదము మనకిక్కడ అప్రస్తుతము.

రుద్రారము కర్మాగారము

హైదరాబాదునుండి బొంబాయి పోవు రహదారిలో పటాన్‌చెరువు దాటి సంగారెడ్డి వైపు సాగినచో, గణేశగడ్డ దేవాలయమున్న రుద్రారము గ్రామము వచ్చును. 1980ల తుదిని ఈ గ్రామ పరిధిలో అల్-కబీర్ ఎక్స్‌పోర్ట్స్ అను సంస్థ, దున్నమాంసమును, గొఱ్ఱెమాంసమును గడ్డకట్టించి పరదేశములకు పంపుటకై పెద్ద యంత్రశాలను తలపెట్టినది. అప్పుడది మెదక్ జిల్లా. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఆ ప్రాంతము సంగారెడ్డి జిల్లాలో చేరినది. పశుసంపద క్షీణించునను భయముచేతను, పరిసరములు చెడునను ఆందోళనచేతను ఈ కర్మాగారముపై వ్యాజ్యములు నడచి సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినవి. 2006 మార్చి నెలలో ఆ న్యాయస్థానము తుదితీర్పు నిచ్చి, కర్మాగారము నడచుటకు అడ్డు లేదని నిర్ణయించినది.

ఈ వ్యాజ్యములు లోకమునకు తెలిసినంతగా, అచ్చట జరిగిన మఱియొక పని తెలియదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయముతోను, ప్రపంచ పర్యావరణ నిధి సహాయముతోను, భారత ప్రభుత్వపు సంప్రదాయేతర ఇంధన శాఖవారు 1990లలో ఒక పథకమును చేపట్టిరి. పరిశ్రమల మురుగునుండి వేగముగా మీథేను వాయువును తీయు పద్ధతులను దేశములో నెలకొల్పి చూపుట దాని ఉద్దేశ్యము. వధశాలల మురుగు విషయమున ప్రదర్శనకై ఎన్నుకొనబడిన చోట్లలో ఈ అల్-కబీర్ కర్మాగారము ఒకటి. మురుగునుండి వచ్చిన వాయువును బాయిలరులో మండించి ఫర్నేసు ఆయిలును ఆదా చేయుట అక్కడి యేర్పాటు. ఆ పథకము క్రిందనే విజయవాడలో కూరగాయల మార్కెటు చెత్తను, వధశాల వ్యర్థములను కలిపి వాయువు తీసి విద్యుత్తు పుట్టించు కేంద్రమును నెలకొల్పిరి. దీని వివరము ముందు చెప్పెదము. దానికి మున్ను మాంస కర్మాగారములో శక్తి యెక్కడెక్కడ వ్యయమగునో చూడవలయును.

చలిని పుట్టించుట

మాంస కర్మాగారములో విద్యుత్తునకు పెద్ద ఖాతా చలియంత్రములదే. 1882లో డునెడిన్ అను ఓడ న్యూజీలండునుండి ఇంగ్లండునకు గడ్డకట్టిన గొఱ్ఱెమాంసమును మొదటిసారిగా కొనిపోయినప్పుడు, దానిలోని చలియంత్రమునకు రోజునకు మూడు టన్నుల బొగ్గు పట్టెనట. ఆ ప్రయాణముతోనే ఆ దేశపు గొఱ్ఱెల రైతుల దశ తిరిగినది. అంతకుముందు ఉన్నికే వెల యుండెడిది. మాంసము కొనువాడు లేక పారవేయబడుచుండెను. చలి యనునది రైతునకెంత మేలు చేయగలదో, దానికెంత ఇంధనము కావలయునో ఆ ఓడ ఒక్కటే రెండింటిని తెలిపినది.

ఇప్పటి లెక్క ఇట్లున్నది. అప్పుడే కోసిన పశువు మాంసము సుమారు 38 డిగ్రీల వేడిమి కలిగియుండును. దానిని సున్నకు దిగువ 18 డిగ్రీల వఱకు చల్లార్చి గడ్డకట్టించుటకు, టన్ను మాంసమునుండి రమారమి 90,000 కిలోక్యాలరీల వేడిని తీసివేయవలయును. ఇది 105 యూనిట్ల శక్తికి సమానము. అయితే చలియంత్రము వేడిని పుట్టించునది కాదు. ఒకచోటి వేడిని తోడి మఱియొకచోట పోయునది మాత్రమే. కావున ఒక యూనిట్టు కరెంటుతో ఒకటిన్నర, రెండు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన యూనిట్ల వేడిని తోడగలదు. యంత్రము యూనిట్టునకు ఒకటిన్నర తోడినచో టన్నునకు 70 యూనిట్లు కావలయును. రెండు తోడినచో 52 యూనిట్లు చాలును. ఈ 18 యూనిట్ల భేదము చిన్నదిగా తోచవచ్చును. రోజునకు 50 టన్నులు గడ్డకట్టించు చోట అది 900 యూనిట్లగును. దేశములో బొగ్గుతోను, ఇతర సాధనములతోను కలిసి పుట్టు విద్యుత్తు యూనిట్టు ఒక్కింటికి సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసుగాలి ఆకాశములో చేరుచున్నది. అనగా ఆ ఒక్క సవరణచే రోజునకు 600 కిలోలకు పైగా బొగ్గుపులుసుగాలి తఱుగును.

ఈ భేదము ఎట్లు వచ్చును? బావిలోనుండి నీరు తోడువానికి ఈ సంగతి సులభముగా తెలియును. బావి లోతైనకొలది కష్టము హెచ్చు. చలియంత్రమునకు చలిగదికిని బయటి గాలికిని గల వేడిమి భేదమే బావిలోతు. మాంసమునకు కావలసినదానికంటె ఒక డిగ్రీ ఎక్కువ చలిలో యంత్రమును నడపినచో మూడు పాళ్లు, అనగా నూటికి మూడు వంతుల విద్యుత్తు దండుగ. గొట్టములపై మంచుపొర పేరుకొన్నచో యంత్రము ఆ పొరను దాటి వేడిని తోడలేక మఱింత లోతునకు దిగవలసివచ్చును. బయటనుండు కండెన్సరులో పాచి, సున్నపుపొర పట్టినను అంతే. మన సంగారెడ్డి ప్రాంతములో మే నెలలో పగటివేడిమి 40 డిగ్రీలు దాటును. కాని గాలిలో తేమ తక్కువ. నీటిని చిలకరించి ఆవిరి చేయుచు చల్లార్చు కండెన్సరులు ఇట్టి పొడిగాలిలో మిక్కిలి బాగుగా పనిచేయును. రాత్రులందు మఱింత బాగుగా పనిచేయును. గడ్డకట్టించు పనిని వీలైనంత రాత్రికి మార్చుకొనుటలో మేలిదియే.

తలుపుల సంగతి మఱువరాదు. చలిగది తలుపు తెఱచియుంచుట చిల్లికుండలో నీరు పోయుటవంటిది. వెచ్చనిగాలి లోనికి వచ్చుటయే కాక, దానితో వచ్చిన తేమ గొట్టములపై మంచుగా పేరుకొనును. తలుపునకు అడ్డముగా వ్రేలాడు దళసరి ప్లాస్టిక్కు పట్టీలు, రబ్బరు అంచులు, తనంతట మూసికొను తలుపు – ఇవి కొలది ఖర్చుతో అగునవి. గోడలలోని ఉష్ణనిరోధక కవచము తడిసినచో దాని గుణము పోవును. అట్టిచో గోడ వెలుపల చెమర్చుటయే గుర్తు.

చలియంత్రములో నింపు వాయువు విషయమును తెలిసికొనవలయును. పెద్ద కర్మాగారములలో జర్మను ఇంజనీరు లిండే 1870లలో వాడుకలోనికి తెచ్చిన అమ్మోనియా పద్ధతియే నేటికిని ప్రధానముగా నున్నది. అమ్మోనియా గాలిలో కలిసినను భూగోళపు వేడిని పెంచదు, ఓజోను పొరను చెఱుపదు. చిన్న గదులలో వాడు ఆర్-22 వంటి వాయువులట్లు కావు. ఆర్-22 ఒక కిలో కారిపోయినచో సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసుగాలితో సమానముగా వేడిని పెంచును. ఆర్-404ఏ యనునది సుమారు 3,900 కిలోలతో సమానము. 1987 నాటి మాంట్రియలు ఒడంబడికచే ఆర్-22 వంటివి క్రమముగా తొలగింపబడుచున్నవి. తక్కినవానిని తగ్గించుటకై 2016లో కిగాలీ నగరమున జరిగిన సవరణకు మన దేశము 2021లో సమ్మతి తెలిపినది. కావున క్రొత్తగా చలిగది కట్టించుకొను సంఘమువారు అమ్ముడుపోక మిగిలిన పాతరకపు యంత్రమును చౌకయని కొనరాదు. అయితే అమ్మోనియా ప్రాణాపాయకరమైన విషవాయువు. దానిని నేర్చినవారే నడపవలయును. ముఖకవచములు, వాయువు కారినప్పుడు తెలుపు గంటలు, తప్పించుకొను మార్గములు లేనిచోట అది ఉండరాదు.

వేడినీరు, ఆవిరి

ఒకవైపు చలికై సొమ్ము వ్యయముచేయు కర్మాగారమే, ఇంకొకవైపు వేడికై నూనె మండించును. కత్తులను శుద్ధిచేయు నీరు 82 డిగ్రీల వేడిమితో నుండవలెనని నియమము. నేలలు, బల్లలు కడుగుటకు వేడినీరు కావలయును. తినదగని భాగములను ఉడికించి క్రొవ్వును, ఎముకపిండిని తీయు పాత్రలకు ఆవిరి కావలయును. వెయ్యి లీటర్ల నీటిని 28 డిగ్రీలనుండి 82 డిగ్రీలకు తెచ్చుటకు 54,000 కిలోక్యాలరీలు పట్టును. ఫర్నేసు ఆయిలు కిలోకు రమారమి 10,000 కిలోక్యాలరీలు. బాయిలరులో నూటికి 80 పాళ్లు మాత్రమే నీటికి చేరునని కొన్నచో, దాదాపు 7 కిలోల నూనె కావలయును. ఒక కిలో నూనె మండినచో మూడు కిలోలకు మించిన బొగ్గుపులుసుగాలి వచ్చును.

ఇచ్చట ఒక విచిత్రము గలదు. చలియంత్రము మాంసమునుండి తోడిన వేడినంతయు బయట గాలిలో పాఱబోయుచున్నది. అదే ఆవరణలో నీటిని వేడిచేయుటకు నూనె మండుచున్నది. ఈ రెండింటిని కలిపినచో నెంత మేలు! కంప్రెసరునుండి వెలువడు అమ్మోనియా మిక్కిలి వేడిగా నుండును. దానిని నీటిగొట్టముల ప్రక్కగా నడిపించినచో, పాఱబోవు వేడిలో పదవవంతును మించి వేడినీరుగా మరల దక్కును. టన్ను మాంసము గడ్డకట్టించుటలో దక్కు ఆ వేడితో వెయ్యి లీటర్ల నీరు సుమారు 15 డిగ్రీలు వేడెక్కును. ఇక బాయిలరు చేయవలసినది 54 డిగ్రీల పని కాదు, 39 డిగ్రీల పనియే. ఆ నీటికగు నూనెలో నాలుగవవంతునకు పైగా మిగులును.

ఆవిరి విషయమున పాతకాలపు మంచి బాయిలరు పనివాడెఱిగిన సూత్రములే నేటికిని శరణ్యములు. పనిచేసి చల్లారిన ఆవిరి వేడినీరై మిగులును. దానిని కాలువలో విడువక బాయిలరునకు మరల పంపవలయును. బాయిలరులో పోయు నీరు ఆఱు డిగ్రీలు వేడిగా నున్నప్పుడెల్ల నూటికి ఒక పాలు ఇంధనము మిగులును. పొగగొట్టమునుండి పోవు పొగ వేడిమిని 22 డిగ్రీలు తగ్గించినను అంతియే లాభము. ఆవిరిగొట్టములకు చుట్టిన దూదికవచము ఊడిపోయినచోట్ల చుట్టించుట, కారు కీళ్లను బిగించుట, మంటకు చాలినంత గాలినే యిచ్చుట – ఇవి సొమ్ముకంటె శ్రద్ధను ఎక్కువ కోరు పనులు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. శుద్ధికొఱకు విధింపబడిన 82 డిగ్రీలను 60కి దించి నూనె మిగిల్చితిమనుకొనుట పొదుపు కాదు, మోసము. తినువాని ఆరోగ్యమునకు హాని కలిగినచో పంపిన సరకంతయు తిరిగివచ్చును. పొదుపు చేయవలసినది వ్యర్థమగు వేడిలో గాని శుద్ధిలో గాదు. నీటి వాడకమును తగ్గించుటకు చక్కని మార్గము వేఱొకటి కలదు. నెత్తురును, పేడను, క్రొవ్వును నీటితో కొట్టి కాలువలో త్రోయక ముందుగా పాఱతో, పళ్లెములతో పొడిగా ఎత్తివేసి, ఆ తరువాతనే కడుగవలయును. దీనిచే వేడినీరు తగ్గును, మురుగు బరువు తగ్గును, ఎత్తిన సరకు ఎరువుగా, వాయువుగా పనికివచ్చును.

మురుగే ఇంధనము

ఇప్పుడు రుద్రారమున చేసిన పని యొక్క మర్మమును చూతము. మన పెరటి గోబరుగ్యాసు తొట్టిలో జరుగునదే అచ్చట పెద్దయెత్తున జరుగును. గాలి సోకని చోట సూక్ష్మజీవులు పేడను, నెత్తురును, క్రొవ్వును తిని మీథేనును విడుచును. అయితే గోబరుగ్యాసు తొట్టిలో పేడ నెల దినములకు పైగా నిలువయుండవలయును. రోజునకు లక్షల లీటర్ల మురుగు వచ్చు కర్మాగారమున అంత పెద్ద తొట్టి కట్టుట సాధ్యము కాదు. 1970లలో హాలండు దేశమున లెట్టింగా అను ఆచార్యుడును, ఆయన తోడివారును, మురుగును తొట్టి అడుగునుండి పైకి మెల్లగా పాఱించి, సూక్ష్మజీవులు గింజలవలె ముద్దకట్టి తొట్టిలోనే నిలిచియుండునట్లు చేసిరి. నీరు పోవును, జీవులు నిలుచును. ఆ పద్ధతిచే నెల దినముల పని కొలది గంటలలో జరుగును. వేగముగా మీథేను తీయు పద్ధతులన్నిటికిని ఇట్లు జీవులను తొట్టిలో నిలుపుటయే మూలసూత్రము.

ఉదాహరణమునకు లక్ష లీటర్ల మురుగు వచ్చుననియు, లీటరునకు 4 గ్రాముల ప్రాణవాయువును హరింపగల మాలిన్యము దానిలో నున్నదనియు అనుకొందము. మొత్తము 400 కిలోలు. అందు నాల్గింట మూడు వంతులు, అనగా 300 కిలోలు తొట్టిలో జీర్ణమైనచో, కిలోకు 0.35 ఘనమీటరు చొప్పున 105 ఘనమీటర్ల మీథేను రావచ్చును. ఇది ఎనుబది కిలోలకు మించిన ఫర్నేసు ఆయిలుతో సమానము. క్రొవ్వు ఎక్కువైనను, మురుగు ఒక దినము హెచ్చుగా, ఒక దినము తక్కువగా వచ్చినను ఈ ఫలము తగ్గును. కావున క్రొవ్వును ముందుగా తేర్చి తీయుటయు, మురుగును ఒక తొట్టిలో కలిపి సమముగా విడుచుటయు అవసరము.

దీనిలో నూనె ఆదాకంటె గొప్పవిషయము మఱియొకటి యున్నది. ఇదే మురుగును మూతలేని గుంటలలో నిలువచేసినచో ఈ మీథేను పుట్టక మానదు. పుట్టి ఆకాశములో కలియును. నూరేండ్ల లెక్కలో మీథేను బొగ్గుపులుసుగాలికి సుమారు 28 రెట్లు వేడిని పెంచును. పైని చెప్పిన 105 ఘనమీటర్లు సుమారు 70 కిలోల బరువు. అది గాలిలో కలిసినచో దినమునకు దాదాపు రెండు టన్నుల బొగ్గుపులుసుగాలితో సమానము. దాని బదులు మండించని నూనె వలన తఱుగునది పావుటన్నే. కనుక తొట్టికి మూతవేసి వాయువును పట్టి మండించుటయే ఈ కర్మాగారములలో అన్నిటికంటె పెద్ద మేలు. తొట్టిమూత చిల్లిపడినను, వాయువును మండింపక విడిచినను ఆ మేలంతయు కీడుగా మాఱును. వాయువు తీసిన పిదప మిగిలిన నీటిని గాలి సోకించి మఱల శుద్ధిచేసిన పిమ్మటనే బయటికి విడువవలెనన్నది మఱువరాదు.

నక్కవాగు నేర్పిన పాఠము

ఈ మాటను ఏల నొక్కి చెప్పుచున్నామో పటాన్‌చెరువు రైతులకు చెప్పనవసరము లేదు. 1970లనుండి అచ్చట వెలసిన మందుల, రసాయనముల పరిశ్రమల మురుగు నక్కవాగులో చేరి, దానిద్వారా మంజీర వైపు పాఱినది. పోచారము, బాచుగూడెము, ఆరుట్ల మొదలగు గ్రామముల బావులు, పొలములు చెడిపోయినవి. 1990లో ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానమునకు ఎక్కినది. రైతులకు నష్టపరిహార మిప్పించుటకు ఆజ్ఞలు వెలువడినవి. 1994లో పరిశ్రమలన్నిటికిని కలిపి పటాన్‌చెరువులో మురుగుశుద్ధి కేంద్రము నడువనారంభించినది. శుద్ధిచేసిన నీటిని పైపులద్వారా అంబరుపేటకు పంపుటకు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గము వేయవలసివచ్చినది. అయినను 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు దేశములో మిక్కిలి కలుషితమైన ప్రాంతముల పట్టికలో పటాన్‌చెరువు–బొల్లారములను చేర్చిరి.

ఆ మాలిన్యము ప్రధానముగా రసాయనములది. మాంసపు మురుగు అట్టిది కాదు. అది జీర్ణమగునది, ఎరువగునది. కాని పాఠము ఒక్కటే. మురుగును ముందుగా ఆలోచింపక పరిశ్రమను కట్టి, తరువాత శుద్ధిచేయబూనుట ఎంత వ్యయమో, ఎంత కాలమో నక్కవాగు ఒడ్డు రైతును అడిగిన చెప్పును. వాగు చెడుటకు పదేండ్లు చాలును. బాగగుటకు ఒక తరము చాలదు.

మన పొలములనుండి వచ్చు ఇంధనము

ఫర్నేసు ఆయిలునకు బదులుగా కర్మాగారములు మన పంటల శేషములను కొనవచ్చును. వరియూక కిలోకు సుమారు 3,000 కిలోక్యాలరీల వేడి నిచ్చును. మూడు, మూడున్నర కిలోల ఊక ఒక కిలో నూనెకు సరిపోవును. పత్తికట్టెను పొడిచేసి నొక్కిన దిమ్మలు ఇంకను బాగుగా మండును. పత్తి ఎక్కువగా పండు మన మెట్టప్రాంతములలో కోత ముగిసిన వెనుక పొలములోనే కాల్చివేయు కట్టెను సంఘమే కూడబెట్టి కర్మాగారమునకు ఒప్పందముపై అమ్మినచో, పొగకు పోవునది రూపాయియగును. అయితే పశువు మేయు చొప్పను, గడ్డిని అమ్మరాదు. పశువు కడుపు మాడ్చి బాయిలరు కడుపు నింపుట తెలివి కాదు. ఊకపొగలోని బూడిదను పట్టు సాధనము లేని బాయిలరునకు ఊక నీయుటయు మంచిది కాదు. ఆ బూడిద మరల మన పైరులమీదనే పడును.

సూర్యరశ్మి విషయమున మన ప్రాంతము భాగ్యవంతమైనది. ఒక కిలోవాటు పలకలకు సుమారు నూఱు చదరపు అడుగుల కప్పు కావలయును. అది సగటున దినమునకు 4 యూనిట్లిచ్చును. చలిగది కప్పుపై పలకలు పరచినచో, విద్యుత్తుతోపాటు కప్పునకు నీడయు దొరకును. ఎండ ఎక్కువగా నున్నప్పుడే చలియంత్రమునకు పని ఎక్కువ. అప్పుడే పలకల దిగుబడియు ఎక్కువ.

కర్మాగారమొక్కటే కారణము కాదు

న్యాయముగా మఱియొక మాట చెప్పవలయును. మాంసము వలన పుట్టు వేడివాయువులలో కర్మాగారము వంతు చిన్నది. పశువు నెమరువేయునప్పుడు త్రేన్పులతో వెలువడు మీథేనుదే పెద్దవంతు. నాసిరకపు మేత తిని, మెల్లగా పెరుగు పశువు ఎక్కువకాలము బ్రతికి ఎక్కువ వాయువును విడుచును. మంచి మేత తిని త్వరగా ఎదుగు గొఱ్ఱె కిలో మాంసమునకు తక్కువ విడుచును. 1972లో పటాన్‌చెరువున వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో, గింజతోపాటు చొప్ప నాణ్యమును గూడ చూచి జొన్నరకములను ఎన్నుకొను కృషి జరిగినది. బాగుగా జీర్ణమగు చొప్ప పశువునకు బలము, రైతునకు లాభము, ఆకాశమునకు మేలు.

2019 పశుగణన ప్రకారము తెలంగాణములో ఒక కోటి 90 లక్షలకు పైగా గొఱ్ఱెలు గలవు. దేశములో ఇది ప్రథమస్థానము. రెండవస్థానము ఆంధ్రప్రదేశ్‌ది. 2017లో ప్రభుత్వమువారు గొఱ్ఱెల సంఘముల సభ్యులకు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున నూటికి 75 పాళ్ల రాయితీతో పంచిపెట్టు పథకమును ప్రారంభించిరి. మందలు పెరిగినవి. కాని కోయుట, చల్లార్చుట, అమ్ముట మాత్రము నేటికిని చాలవఱకు ఇతరుల చేతులలోనే యున్నవి. ముల్కనూరులో 1956లో వెలసిన సహకార సంఘమును, 2000లో అచ్చటి స్త్రీలు స్థాపించుకొన్న పాడి సహకార సంఘమును చూచిన వారికి ఈ పని అసాధ్యమని తోచదు. పాలను చల్లార్చి అమ్ముకొనగలిగినవారు మాంసమును చల్లార్చి అమ్ముకొనలేరా? 1999లో హైదరాబాదు చేరువ చెంగిచెర్లలో నెలకొల్పబడిన భారత వ్యవసాయ పరిశోధన మండలివారి మాంస పరిశోధన సంస్థనుండి ఈ విషయములలో శిక్షణమును, సలహాను పొందవచ్చును.

సంఘములు అడుగవలసిన ప్రశ్నలు

వధశాలను గాని శీతలగిడ్డంగిని గాని కట్టదలచిన సంఘమువారును, ఉన్న కర్మాగారమునకు పశువులను సరఫరాచేయు సంఘమువారును, ఈ క్రింది ప్రశ్నలకు జవాబు రాబట్టవలయును.

1. టన్ను మాంసమునకు ఎన్ని యూనిట్ల విద్యుత్తు, ఎన్ని కిలోల ఇంధనము, ఎన్ని లీటర్ల నీరు పట్టుచున్నది? ప్రతి నెల ఈ మూడు అంకెలను పుస్తకములో వ్రాయుచున్నారా? కొలువనిది తగ్గింపబడదు.

2. చలియంత్రములు, బాయిలరు, మురుగుశుద్ధి – వీనిలో ప్రతిదానికి వేర్వేరు మీటరు గలదా? అంతయు ఒక్క మీటరుపై నున్నచో దొంగ యెవడో తెలియదు.

3. చలియంత్రములో నింపు వాయువేది? ఏటా ఎంత తిరిగి నింపవలసివచ్చుచున్నది? నింపినంత కారినదని అర్థము.

4. కంప్రెసరు వేడి నీటికి పట్టబడుచున్నదా? ఆవిరినీరు బాయిలరునకు తిరిగివచ్చుచున్నదా?

5. మురుగు గుంటలకు మూత గలదా? వాయువు మండుచున్నదా, గాలిలో పోవుచున్నదా? చివరి నీరు ఎచ్చటికి పోవుచున్నది?

6. గిడ్డంగి సంవత్సరములో ఎన్ని నెలలు నిండుగా నుండును? సగము ఖాళీగా నుండు చలిగది, నిండుగా నుండుదానికి కావలసినంత కరెంటును దాదాపు తినును. కావున రెండు మూడు సంఘములు కలిసి ఒకటి కట్టుట మేలు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని గుత్తేదారుతో సంఘమువారు కరారునామా వ్రాసికొనరాదు. అప్పిచ్చు బ్యాంకువారును వీనిని అడిగినచో చాల సంఘములు నష్టమునుండి తప్పించుకొనును. అంతేకాదు, కర్మాగారపు ఆదాలో కొంతవంతు పశువు వెలలో చేరవలెనని సరఫరా ఒప్పందములోనే వ్రాయించుకొనవలయును. లేనిచో పొదుపు కర్మాగారమునకు, పొగ మనకు మిగులును.

శక్తి పొదుపనునది పట్టణపు ఇంజనీరుల ముచ్చట కాదు. మడిలో నీరు పొర్లిపోకుండ గట్టుమీద నిలబడి మడవ కట్టు రైతునకు ఆ విద్య పుట్టుకతో తెలియును. ఆ కన్నుతోనే తన సంఘపు చలిగదిని, బాయిలరును, మురుగుగుంటను చూచుకొన్న సంఘము నిలుచును. వచ్చు సర్వసభ్య సమావేశములలో సభ్యులు ఈ ఆఱు ప్రశ్నలను చదివి చర్చింతురని, ఆ చర్చల ఫలితములను మా పత్రికకు వ్రాసి పంపుదురని కోరుచున్నాము.